సౌండు తగ్గించిన మార్నింగ్ షో

“సౌండు పెంచరా!”

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళకంటే ఈ మాటతో పిలిచినవాళ్ళే ఎక్కువ. చిత్తూరులో ఒక సినిమా థియేటరులో ఆపరేటరుగా చేశాను. అంటే తెర మీద బొమ్మ వేసేవాణ్ణి. బొమ్మ బాగుంటే హీరో గొప్ప, బొమ్మ ఆగితే ఆపరేటరు వెధవ. ఈ లెక్కకు అలవాటు పడినవాడే మిషను ఉండే ఆ కేబిన్‌లో బతుకుతాడు. నేను బతికాను.

మాల్‌లో మెత్తటి కుర్చీలో కూర్చుని సినిమా చూసే మీ ఈడు పిల్లలకు ఈ ఉద్యోగం గురించి చెబితే నవ్వొస్తుందేమో. నవ్వండి, తప్పు లేదు. నేను మొదలుపెట్టింది కార్వేటినగరం దగ్గర ఒక టెంటు హాల్లో. తొలి నెలలోనే ఎనిమిదో రీలు వేయాల్సిన చోట తొమ్మిది వేసి, దాని వెనక ఎనిమిది ఎక్కించాను. చచ్చిపోయిన హీరో లేచి వచ్చి పాట పాడాడు. జనం ఈలలు వేశారే తప్ప ఒక్కరూ అడగలేదు. పైగా ఒక ముసలాయన బయటికి పోతూ, “మంచి పని చేసినావప్పా, పిల్లోణ్ణి బతికించినావు” అని భుజం తట్టి పోయాడు. తప్పు చేసినా జనం ఈల వేస్తే చెల్లిపోతుందని ఆరోజు నేర్చుకున్నాను. ఆ పాఠం నన్ను చాలాకాలం చెడగొట్టింది.

తర్వాత రీళ్ళు పోయి కంప్యూటరు పెట్టెలు వచ్చాయి. మీట నొక్కితే సినిమా దానంతట అదే ఆడుతుంది. అప్పటికి నా చేతిలో మిగిలిన విద్య ఒక్కటే, సౌండు. కేబిన్ గోడకు ఒక పెట్టె ఉంటుంది. దానికి సౌండు తిప్పే గుండ్రటి మర, మర చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలు. సినిమా తీసినవాళ్ళు ఏడు దగ్గర పెట్టి వినమంటారు. మా హాలు పాతది, మామూలు మాటలకు ఐదున్నర చాలు. ఫైటుకు ఆరున్నర. హీరో తెర మీదికి వచ్చేటప్పుడు ఏడు. జనం అరిచేకొద్దీ పెంచుతూ పోవాలి. ఇది మా మేనేజరు నేర్పిన శాస్త్రం.

“జనం గొంతు కన్నా హీరో గొంతు పైనుండాలప్పా. అది కిందికి పడిందంటే కుర్చీలు పైకి లేస్తాయి” అనేవాడు ఆయన. పాపం, కుర్చీలు లేవడం రెండుసార్లు చూసినవాడు. కిందనుంచి ఫోను చేస్తే ఆయన నోట వచ్చే మాట ఒక్కటే, “పెంచు”. నేనూ ఆయన ఇరవై ఏళ్ళు కలిసి పనిచేశాం. మా మధ్య నడిచిన మాటల్లో సగం ఆ ఒక్క మాటే.

ఇక అసలు సంగతి. నేను పని మానుకోబోయే చివరి నెలలో మా థియేటరుకు ఒక సినిమా వచ్చింది. హీరో కొత్తవాడు. కొత్తవాడంటే సినిమాకు కొత్త. పాటలకు కాదు.

పలమనేరు పక్క పల్లెలో పాలు పోసే ఇంటి పిల్లవాడు. చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. కొండ దిగి చిత్తూరు రాకుండా అటు బెంగళూరు వెళ్ళి, నలుగురితో కలిసి బ్యాండు కట్టాడు. రాక్ పాటలు, కానీ మాటలు మాత్రం మన చిత్తూరువి. అవి ఫోన్లలో పడి ఊరూరా పాకాయి. తిరుపతిలో పాడితే చూడ్డానికి జనం గ్రౌండు గోడలెక్కారు. అతని గొప్పంతా అరుపులో ఉంది. పాట చివర గొంతును ఒక్క ఊపిరిలో పైకి తీసుకుపోయి అక్కడే నిలబెట్టేవాడు. ఎంతసేపు నిలబెడతాడో పిల్లలు ఫోన్లో టైము పెట్టుకుని చూసేవాళ్ళట. నాకు మాత్రం పాలక్యాను మెట్ల మీంచి దొర్లినట్టు ఉండేది. వయసైపోయిందిలే అని నన్ను నేనే సముదాయించుకునేవాణ్ణి.

ఉన్నట్టుండి అతను కచేరీలు ఆపేసి సినిమాలో హీరోగా చేశాడు. పాటగాడికి నటన ఎందుకు అని కొందరు, డబ్బు ఆశ అని కొందరు, తల తిరిగిందని ఇంకొందరు అన్నారు. మా మేనేజరు అయితే, “కూత పెట్టే కోడికి ఆట ఎందుకప్పా” అన్నాడు. నేనూ నవ్వాను.

సినిమా విడుదలకు వారం ముందు ఒక అమ్మాయి కేబిన్ మెట్లెక్కి వచ్చింది. అతని అభిమాన సంఘానికి ప్రెసిడెంటు. శ్రీసిటీలో ఏదో ఫోన్లు బిగించే కంపెనీలో పని. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. మెడలో కంపెనీ కార్డు తీయకుండానే వచ్చింది.

“అంకుల్, ఫస్టు రోజు మార్నింగ్ షో ఎనిమిది గంటలకే వేస్తామని మేనేజర్ సార్ ఒప్పుకున్నాడు. సెలవు పెట్టినోళ్ళందరం ఒక బస్సు మార్నింగుకు వస్తా ఉండాం. రాత్రి షిఫ్టు దిగేటోళ్ళు ఇంకో బస్సులో మ్యాట్నీకి వస్తారు” అంది. తర్వాత పర్సులోంచి ఒక పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టింది. “దీంట్లో ఆయన పాట ఉండాది. ఇంటర్వెల్‌లో వెయ్యండి. ఫుల్ సౌండు.”

“సినిమాలో పాటలు ఉంటాయి గదా పాపా?”

“ఉండకుండా యాడికి పోతాయి? ఆయన సినిమాలో పాట లేకుండా ఉంటుందా? కానీ ఇంటర్వెల్‌లో ఊరికే కూసోవాల గదా, అందుకని.”

సరేనన్నాను. చెప్పాను కదా, ఈల వస్తుందంటే నేను కాదనలేను.

విడుదల రోజు ఉదయం ఏడున్నరకే థియేటరు ముందు గోల మొదలైంది. డప్పులు, కాగితం ముక్కల సంచులు, నిలువెత్తు ఫ్లెక్సీ, దానికి క్యాన్లతో పాలు. నేను సినిమా ఎక్కించి సరిచూసుకుంటుంటే వెనక మెట్ల మీదినుంచి హెల్మెటు పెట్టుకున్న మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. కరెంటు మీటరు చూసేవాడనుకుని అటు చూపించాను. అతను హెల్మెటు తీశాడు. కింద ఫ్లెక్సీలో ఉన్న మొహమే. కాకపోతే ఫ్లెక్సీలో ఉన్నంత ధైర్యం లేదు.

“అన్నా, ఈణ్ణుంచి సినిమా చూడొచ్చునా? కింద కూసుంటే సూడనియ్యరు” అన్నాడు. చాలా మెల్లిగా అన్నాడు. దాక్కున్నవాడు కదా అని అలా మాట్లాడుతున్నాడనుకున్నాను.

పాత రోజుల్లో రెండు మిషన్లు ఉండేవి కనుక కేబిన్ గోడకు రెండు కిటికీలు. ఇప్పుడు ఒక మిషనే, రెండో కిటికీ ఖాళీ. దాని ముందర స్టూలు వేశాను. కింద పాలు పోయడం చూసి అతను ఇబ్బందిగా నవ్వాడు. “మా నాయన సూసినాడంటే నన్ను చంపుతాడన్నా. ఆ పాలల్లో మా బర్రెలవి కూడా ఉంటాయి” అన్నాడు. అప్పుడే అతను నాకు నచ్చాడు.

సినిమా మొదలైంది. అతను తెర మీదికి రాగానే కాగితాలు, ఈలలు. నేను ఏడుకు పెంచాను. సినిమాలో అతనిది పాలవ్యాను నడిపే కుర్రాడి వేషం. స్నేహితుడితో కలిసి తెల్లవారి క్యాన్లు ఎక్కిస్తాడు, దించుతాడు, వాదులాడతాడు, నవ్వుతాడు. పాడడు. జనం చూశారు, ఎదురుచూశారు, కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు. గిటారు కనపడదు. బ్యాండు కనపడదు. ముందు వరసలోంచి ఒకడు “పాటెప్పుడన్నా?” అని తెరనే అడిగాడు. విరామానికి ముందు వ్యాను బోల్తా పడి స్నేహితుడు చనిపోతాడు. ఆ సీనులో కూడా ఎవడో “ఇప్పుడైనా పాడు!” అని అరిచాడు. నా పక్క స్టూలు మీద మనిషి కదల్లేదు.

విరామం లైట్లు వెలిగాయి. హాలంతా ముటముటలాడుతోంది. నాకు పెన్‌డ్రైవు గుర్తొచ్చింది. ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకుని, ఏడు మీద పెట్టి పాట వేశాను.

హాలు లేచింది. నిజంగానే లేచింది. కుర్చీల మీదికెక్కి ఎగిరారు. బాల్కనీ ముందు ఆ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి ప్రతి మాటా పాడుతోంది. ఒక్క నిమిషంలో చచ్చిన హాలుకు ప్రాణం పోశానని నాకు పట్టలేనంత సంతోషం. అతణ్ణి భుజం పట్టి కిటికీ దగ్గరికి లాగాను.

“సూడప్పా నీ జనం! ఇంతమందికి ఇది కావాల. ఇంతగా గొంతు చించుకుంటావే, ఎప్పుడో ఒకరోజు అది యాడన్నా పోతాది, సూసుకో!” అన్నాను, సరదాగా.

“పోయిందన్నా” అన్నాడు.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. అతను నవ్వకపోవడం చూసి ఆపాను.

“గొంతులో కాయలు కాసినాయి. వేలూరు ఆసుపత్రిలో రెండుసార్లు కోసినారు. మాట్లాడొచ్చు, ఇంట్లో మెల్లిగా పాడుకోవచ్చు. ఈ పాటలు మాత్రం ఇంక జన్మలో పాడకూడదన్నారు. పాడితే మాట కూడా పోతాదంట. బ్యాండోళ్ళకు, మా ఇంట్లో తప్ప ఎవురికీ తెలీదు. సినిమాలో నా మాటలు కూడా రోజుకు కొంచెం కొంచెం చెప్పించినారు.” ఇంత చెప్పి కిటికీవైపు చూపించాడు. “వీళ్ళు నన్ను పాట లేకుండా సూస్తారా లేదా అని చూసుకోవాలని వచ్చినా. సూడకపోతే నాకు ఇంకేం పనీ రాదన్నా. పాలు పిండేది తప్ప.”

మర మీద నా చెయ్యి అలాగే ఉండిపోయింది. పాట ఆపుదామా అంటే, ఆ ఊపులో ఉన్న హాలులో మధ్యలో పాట ఆపితే కుర్చీలు మిగలవు. ఆపలేదు. ఆ చివరి అరుపు వచ్చే దాకా ఇద్దరం పక్కపక్కన నిలబడి విన్నాం. కింద పిల్లలు ఫోన్లు పైకెత్తి లెక్కపెడుతున్నారు. అతను కళ్ళు మూసుకున్నాడు. ఆ అరుపు ఎంతసేపు నిలబడిందో నాకిప్పుడు గుర్తు లేదు కానీ, నా ఉద్యోగంలో అంత పొడుగు నిమిషం ఇంకొకటి లేదు. సిగ్గుతో చచ్చాను. ఈ మాట ఒప్పుకోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

రెండో సగం మొదలుపెట్టాను. నేను వెలిగించిన మంట ఊరికే ఆరుతుందా? జనం కూర్చోలేదు. “పాట! పాట! వన్స్ మోర్!” అని ఒకటే గోల. తెర మీద ఏం జరుగుతోందో ఒక్కడూ చూడ్డం లేదు. నాకు తెలిసిన విద్య చూపించాను. ఆరు పెట్టాను, ఆరున్నర పెట్టాను, ఏడు పెట్టాను. నేను పెంచితే వాళ్ళు ఇంకా పెంచారు. కిందనుంచి ఫోను మోగింది. “పెంచు” అన్నాడు మేనేజరు. ఏడున్నర. కొందరు అప్పటికే ఫోన్లు తీసి ఏదో టైపు చేస్తున్నారు. ఈ కాలంలో మొదటి ఆట సగంలోనే సినిమా జాతకం ఊరంతా తెలిసిపోతుంది కదా. పాట లేదంట, వేస్టంట అని మధ్యాహ్నానికి తిరుపతి దాకా పోతుంది. ఇక ఆ పిల్లవాడి సంగతి అంతే.

అతను స్టూలు మీంచి లేచి నా పక్కకు వచ్చాడు.

“అన్నా, ఇంకో రెండు నిమిషాల్లో వాకిలి సీను వస్తాది. సినిమా అంతా దాని కోసమే చేసినా. తగ్గించన్నా.”

“తగ్గించేదా? ఈ గోలలోనా? తెర చించుతారప్పా!”

“చించరు. గ్రౌండులో జనం అరస్తా ఉంటే, మైకులో మేమూ అరిస్తే వాళ్ళు ఇంకా అరస్తారు. నేను అప్పుడు ఊరికే గుసగుసగా ఒక లైను పాడేవాణ్ణి. వినపడలేదని ముందరోళ్ళు ఎనకోళ్ళను తిడతారు. ఎనకోళ్ళు వాళ్ళ ఎనకోళ్ళను. కొంచేపటికి వాళ్ళే సద్దుమణుగుతారు. పెంచితే వినరన్నా. తగ్గిస్తే వింటారు.”

ముప్పై నాలుగేళ్ళు నేను చేసిందానికి అది సరిగ్గా తలకిందులు. పైగా నెలాఖరుకు పని మానుకుంటున్నవాణ్ణి. తెర చిరిగితే, కుర్చీలు విరిగితే, దండతో పంపాల్సిన నన్ను తిట్టుతో పంపుతారు. కానీ విరామంలో నేను చేసిన పని గుర్తొచ్చింది. మర మీద చెయ్యి వేసి తిప్పాను. ఆరు, ఐదు, నాలుగు. “ఇంకా” అన్నాడతను. మూడు.

“రేయ్ ఆపరేటరూ! నిద్దరపోయినావా?”

“సౌండు పెంచరా!”

ఫోను మోగింది. రిసీవరు తీసి పక్కన పెట్టేశాను. ఇరవై ఏళ్ళలో మా మేనేజరు ఫోనుకు నేను పలకకపోవడం అదే మొదలు. ముందు వరసలో ఒకడు చెప్పు పైకెత్తాడు. తెర మీద ఏదో మాట నడుస్తోంది, పెదాలు కదలడం తప్ప వినపడడం లేదు.

అప్పుడు బాల్కనీలోంచి ఆ అమ్మాయి గొంతు వచ్చింది. “నోరు మూసుకోండబ్బా! ఆయన ఏందో చెప్తా ఉండాడు, వినపడల్యా!”

కింద ఎవడో “నువ్వు మూసుకో” అన్నాడు. వాడి పక్కవాడు వాణ్ణే కసిరాడు. ఆ కసిరినవాణ్ణి వెనకవాడు ఉష్ అన్నాడు. ఆ ఉష్ ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకుతూ పోయింది. చెప్పు ఎత్తినవాడు చెప్పు కాలికి తొడుక్కుని కూర్చున్నాడు. చివరికి హాల్లో పాత ఫ్యాన్లు తిరిగే చప్పుడు నాకు కేబిన్‌లోకి వినపడింది.

తెర మీద ఆ కుర్రాడు చనిపోయిన స్నేహితుడి ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు ఖాళీ క్యాన్లు. స్నేహితుడి తల్లి ముంగిట కూర్చుని గిన్నెలు తోముతోంది. కొడుకు పోయిన సంగతి ఆమెకింకా తెలీదు. చెప్పడానికే వచ్చాడు. నోరు తెరుస్తాడు, మాట రాదు. మళ్ళీ తెరుస్తాడు, రాదు. అతని ఊపిరి ఒక్కటే వినపడుతుంది. చాలాసేపు అంతే. పాట లేదు, సంగీతం లేదు. చివరికి క్యాన్లు ఆమె ముందు పెట్టి, గొంతు పూర్తిగా బయటికి రాకుండా ఒక్క మాట అంటాడు.

“రేపట్నుంచి నేనే వస్తానమ్మా.”

మూడు మీద ఆ మాట చివరి వరస దాకా వినపడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఈల వేయలేదు. ఎవరో ముక్కు చీదారు. ఆ గొంతు నటన కాదని, కోసిన గొంతులోంచి వచ్చిన ఊపిరేనని హాల్లో నాకొక్కడికే తెలుసు. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఆపరేటరు ఏడిస్తే చూసేవాడెవడు?

సీను అయిపోయాక మెల్లిగా నాలుగున్నరకు తెచ్చాను. ఆట అయిపోయేదాకా అక్కడే ఉంచాను.

సినిమా ఎలా ఆడిందని అడుగుతారు. గొప్పగా ఏమీ ఆడలేదు. మా ఊళ్ళో మూడు వారాలు ఆడింది. పాట లేదని తిట్టినవాళ్ళూ ఉన్నారు, రెండోసారి చూసినవాళ్ళూ ఉన్నారు. గొంతు సంగతి ఆ నెలలోనే అతనే ఫోన్లో వీడియో పెట్టి అందరికీ చెప్పాడు, అందుకే ఇప్పుడు నేనిది రాయగలుగుతున్నాను. ఇప్పటికీ సినిమాల్లో చేస్తూనే ఉన్నాడు. అదంతా తర్వాతి మాట.

ఆరోజు ఆట వదిలాక జనం గోల లేకుండా మెట్లు దిగిపోయారు. అది బాగుందనా, బాగాలేదనా? నాకు అర్థం కాలేదు. అతనికీ అర్థం కాలేదు. రీళ్ళు చుట్టే పాత బల్ల మీద కూర్చుని హెల్మెటు చేతుల్లో తిప్పుతున్నాడు. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. అతను గబుక్కున పక్కనున్న సామాన్ల గదిలో దూరి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

వచ్చింది ఆ అమ్మాయే. జుట్టులో ఇంకా కాగితం ముక్కలున్నాయి. మొహం ఎర్రగా ఉంది.

“ఏమి అంకుల్, మేము అంత దూరం నుంచి బస్సు కట్టుకుని వస్తే సౌండు తగ్గించి పెడతారా? ఎవురు తగ్గించమన్నారు మిమ్మల్ని?”

“తప్పు నాదే పాపా” అన్నాను.

“సినిమా అంతా ఒక పాట లేదు. పాడతాడని నేను అందరికీ చెప్పి పిలుచుకొచ్చినా. బస్సులో నన్ను ఏమంటారో ఏమో.” కంపెనీ కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. పెన్‌డ్రైవు తీసి ఆమె చేతిలో పెట్టాను. తీసుకుంది. దాన్నే చూస్తూ నిలబడింది.

“మ్యాట్నీకి దీన్ని వెయ్యొద్దండి” అంది.

“సరే.”

“ఇంకో బస్సు పుత్తూరు దాటిందంట. ఆ బస్సోళ్ళు మాకంటే ఘోరం, బాగా అరస్తారు. ఆ వాకిలి సీను కాడ మళ్ళా అట్లే తగ్గించండి అంకుల్. మరిచిపోవద్దు. వాళ్ళు కూడా వినాల.”

నా జవాబు కోసం ఆగకుండా దిగిపోయింది.

నేను బల్ల సొరుగులోంచి సుద్దముక్క తీసి, మర మీద మూడు అంకె దగ్గర గీత గీశాను. సామాన్ల గది తలుపు వెనకనుంచి అతను చాలాసేపు బయటికి రాలేదు. నేను పిలవలేదు. మ్యాట్నీకి ఇంకా టైముంది.